చిలకలకు పచ్చ రంగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాపురానికి వచ్చిన నాటి నుంచీ అందరూ అంటున్నారు. కాదని నేనూ అనను. కానీ ఆ చలికాలమంతా ఆ కోపాన్ని లోపలే అణుచుకుని, కనపడినవాళ్ళనల్లా బతిమాలుకుంటూ తిరిగాను. మా ఇల్లు పడగొట్టేస్తారన్న భయం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఏలూరులో కాలవకు కాస్త ఇవతలగా మాది మండువా ఇల్లు. నడిమధ్యన ఆకాశం, చుట్టూ వసారా, వసారాకు టేకు స్తంభాలు, ఒక్కో స్తంభం పైన చెక్కిన చిలకల జత. మా మామగారి తాతగారు బియ్యం వ్యాపారం చేసే రోజుల్లో కట్టించారట. ఇప్పుడది మా ఆయనకూ, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు నడిపే మా బావగారికీ ఉమ్మడిది. ఉమ్మడిదంటే బావగారిదే. ఆయన ఊ అంటే మా ఆయన ఊ, ఆయన ఊహూ అంటే మా ఆయన ఊహూ.

బావగారు బిల్డరుకు మాట ఇవ్వబోతున్నారని తెలిసి గూడెం పరిగెత్తాను. "చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తుంటే మనమొక్కళ్ళం ఆ పాత కొంప పట్టుకుని వేళ్ళాడితే నలుగురూ నవ్వుతారమ్మా" అన్నారు. పరువంటే ఆయనకు ప్రాణం. అందుకని ఆ పరువునే ఆయనకు ఎదురుపెట్టాను. పాత కట్టడాలు కాపాడాలని తిరిగే సంఘం ఒకటి మా ఊళ్ళో ఉంది. ఏటా చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్న జనాన్ని వెంటబెట్టుకుని పాత ఇళ్ళు చూపిస్తారు, మధ్యాహ్నం కొల్లేరు తీసుకెళ్ళి పక్షుల్ని చూపిస్తారు. చూసిన ఇళ్ళలో ఒకదాని గుమ్మానికి ఆ ఏటి ఇత్తడి పలక బిగిస్తారు. "ఆ పలక మనింటికి వస్తేనండీ?" అన్నాను. "వస్తే ఇంక పడగొట్టే ప్రసక్తే లేదు. ఇది నా మాట" అన్నారు బావగారు.

ఆ మాట పట్టుకుని సంఘం ప్రెసిడెంటుగారింటి చుట్టూ తిరిగాను. ఆవిడ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన టీచరు. చివరికి ఒకరోజు వచ్చి చూశారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. స్తంభాన్ని తడిమి, "ఏటా నూనె పట్టిస్తారాండీ?" అని అడిగారు. పట్టిస్తామన్నాను. "ఈసారి పలక మీకేనండీ. ఇల్లు ఇలాగే ఉంచండి, చాలు" అని వెళ్ళారు. ఆ పూట నేను పరమాన్నం వండాను.

ఇంతలో మా అమ్మకు కంటి ఆపరేషనైతే కలిదిండి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఉన్నానన్న మాటే గానీ మనసంతా ఇక్కడే. ఆదివారం దగ్గర పడుతుండగా తిరిగొచ్చాను. వీధి గుమ్మంలోనే పెయింటు వాసన కొట్టింది.

మా వైపు ఇంటికి నలుగురు వస్తున్నారంటే సున్నం వేయించకుండా ఉండరు. పెళ్ళికానీ, పేరంటంకానీ, ముందు గోడలు తెల్లబడాలి. లేదంటే వచ్చేవాళ్ళను లెక్కచేయనట్టు. ఇప్పుడు సున్నం పోయి పెయింటు వచ్చింది, అంతే. బావగారు గూడెం నుంచి పనివాళ్ళను తీసుకొచ్చి, కొట్టు మూసుకుని మరీ దగ్గరుండి చేయించారు. గోడలకు పిస్తా రంగు. స్తంభాలకు చాక్లెట్ రంగు ఎనామిల్. చిలకలకు పచ్చ రంగు, ముక్కులకు ఎరుపు.

"ముక్కులు నేనే వేశానమ్మా, వాళ్ళకి కుదర్లేదు" అన్నారు బావగారు నిచ్చెన దిగుతూ. వయసు మళ్ళిన మనిషి, వేళ్ళ నిండా ఎర్రరంగు, మొహంలో పెళ్ళికళ. ఆ ఇంటి మీద ఆయనకు ఇష్టం పుట్టడం చూడ్డం అదే మొదలు. "బాగుందండీ" అని వంటింట్లోకి వెళ్ళి, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మా ఆయన మీద పడ్డాను.

"నీకు చెప్పొద్దన్నాడు అన్నయ్య. వచ్చి చూసి సంతోషిస్తావని" అన్నారాయన.

ఆదివారం జనం వచ్చారు. బావగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ప్రెసిడెంటుగారు వసారాలో అడుగుపెట్టి ఆగిపోయారు. నా వంక చూశారు. "శుభ్రంగా ఉందండీ" అన్నారు. కాఫీలు చల్లారకముందే అందరూ బయటికి నడిచారు. పక్కవీధిలో తివాచీలు నేసే ముస్లిం కుటుంబం ఇంట్లో మాత్రం చాలాసేపు కూర్చున్నారట. గోడలు మాసిపోయి, మగ్గం తాతల నాడు నిలబెట్టినచోటే ఉన్న ఇల్లు. పలక వాళ్ళ గుమ్మానికి వెళ్ళింది.

నేను రోడ్డు మీద పరిగెత్తి ప్రెసిడెంటుగారి చెయ్యి పట్టుకున్నాను. "ఏదైనా దారి చెప్పండి. మీ పలక లేకపోతే నా ఇల్లు ఉండదండీ" అని ఏడ్చేశాను. నలుగురూ చూస్తున్నా నాకు సిగ్గనిపించలేదు.

"ఆ రంగు గీకిస్తే చెక్కడం పోతుందండీ. ఎంత మంచి ఇల్లండీ అది" అన్నారావిడ. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చేసరికి బావగారు వసారాలో కూర్చుని ఉన్నారు. "ఇంత చేసినా నచ్చలేదంటే ఈ ఇంటికి విలువ లేదన్నమాటేగా అమ్మా. రేపు బిల్డరుకి ఫోన్ చేస్తాను" అన్నారు.

విలువ లేదనుకుంటున్నారు కాబట్టే ఇచ్చేస్తున్నారు, ఉందని తెలిస్తే ఆగుతారు అనిపించింది. ఇంకేం మిగిలింది నా చేతిలో? "ఇల్లు మంచిదే బావగారూ. మనం రంగు వేయకుండా ఉంటే పలక మనకే వచ్చేది. ఆవిడ ముందే చెప్పారు" అన్నాను. మనం అన్నాను, మీరు అనలేదు.

ఆయన తలెత్తి చిలకల వంక చూశారు. "ముక్కులు కూడానా అమ్మా?" అని అడిగారు. తల ఊపాను. లేచి, చెప్పులేసుకుని, భోజనం చేయకుండానే గూడెం వెళ్ళిపోయారు.

మర్నాడు బిల్డరు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇల్లు నిలబడిందనుకుని దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను. వారం తిరక్కుండానే మా ఆయన వచ్చి, అన్నయ్య బిల్డరుకు మాట ఇచ్చేశాడట అన్నారు. బావగారికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అడిగేశాను. విలువ తెలిశాక కూడా ఎలా ఇచ్చారండీ అని అరిచాను. ఆయన అంతా విన్నారు.

"తెలియకపోతే ఉంచినా ఉంచేవాణ్ణేమోనమ్మా" అన్నారు. "నా చేతులతో పాడుచేశానని తెలిశాక ఆ గుమ్మం ఎలా తొక్కను? దాన్ని చూస్తూ బతకలేను. నన్ను వదిలెయ్యమ్మా."