మారమ్మ అడిగిన మైకు

భయపడటం మారమ్మకు ఎవరూ నేర్పలేదు. నేర్పబోయినవాళ్ళకు ఆమే నాలుగు నేర్పి పంపింది.

ఆమె కాపురమంతా బంగారు గనులుండే కోరమండల్‌లో, కార్మికుల లైన్ ఇళ్ళలో గడిచింది. భర్త మునేష్ భూమి అడుగుకు దిగి రాయి కొట్టేవాడు. గని మూసేశారు. కొన్నేళ్ళకు, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో మునేష్ పోయాడు. మారమ్మ ఒక పెయ్యదూడను తోలుకుని క్యాసంబళ్ళి దగ్గరున్న పుట్టింటి ఊరికి, మా ఊరికి, వచ్చేసింది. సెంటు భూమి లేదు. చెరువు కింద ఎవరి పట్టాలోనూ లేని చిత్తడి నేల ఒకటుంది. ఊరు దాన్ని పనికిరానిదనేది. ఆ పనికిరాని గడ్డే మేసి దూడ ఆవైంది, గౌరి అయింది, పూటకు ఆరు లీటర్లు ఇవ్వసాగింది. ఆ పాలతోనే మారమ్మ బతుకుతోంది.

ఆ గడ్డిలో జమ్ముకు చుట్టుకుని పాలతీగ పెరుగుతుంది. తుంచితే జిల్లేడులాగే తెల్లటి పాలు కారతాయి. పూలు చిన్న గిన్నెల్లా ఉంటాయి, లోపల గులాబీ గీతలు. కాయ పగిలితే దూది ఎగురుతుంది. మా ఊళ్ళో అంత అందమైనది ఇంకోటి లేదని నేనంటాను. ఊరు మాత్రం కలుపంటుంది.

నా పేరు సుమ. ఊరి డెయిరీలో పాలు పరీక్షించే పని నాది. పోయిన శ్రావణంలో మా పాలు మందు వాసన కొడుతున్నాయని పట్నం డెయిరీవాళ్ళు రెండు రోజులు వరసగా క్యాన్లు వెనక్కి పంపారు. మా డెయిరీ సెక్రెటరీ పురుషోత్తమ్‌కు తప్పు మోయడానికి ఎవరో ఒకరు కావాలి. మైకు పట్టుకున్నాడు.

"మారమ్మ ఆవు పాలతీగ తింటా ఉండాది. ఆ విషమే పాలలోకి దిగినాది. ఇంగ ఆమె పాలు తీసుకునేది లేదు. ఆదివారం ఆ గడ్డికంతా కలుపుమందు కొట్టిస్తాం."

డెయిరీ మైకు మూడు వీధులకూ చెరువు కట్టకూ వినబడుతుంది. గడ్డి మాడిపోతే మారమ్మ గౌరిని అమ్ముకోవాల్సిందే. అది తెలిసీ నేను నోరెత్తలేదు. ఆ వాసన ఎవరి పాలలో ఉందో నాకు మొదటి రోజే తెలుసు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున పాలు పోసేవాళ్ళంతా వరసలో ఉండగా మారమ్మ వచ్చింది. నెత్తిన గడ్డిమోపు, చంకలో పాలతీగ కట్ట, చేతిలో గౌరి పలుపు. ముందురోజు సాయంత్రం నుంచి గౌరికి మేత పెట్టలేదట. తీగను దాని మూతి ముందే పడేసింది, గడ్డిని పది అడుగుల దూరంలో వేసి పలుపు వదిలింది. గౌరి తీగను వాసన చూసి బుస్సుమంది. దాన్ని తొక్కుకుంటూ పోయి గడ్డిలో మూతి పెట్టింది. వరసలో నవ్వులు లేచాయి.

"చూసినావా అప్పా? నా మొగుడు పదివేల అడుగులు కిందికి దిగి పైకొచ్చేవాడు. ఆయనతో కాపురం చేసినదాన్ని ఒక ఆకును చూపించి బెదిరిస్తావా?"

"తినదు, సరే. మరి వాసన యాడ నుంచి వచ్చిందమ్మా?" అన్నాడు పురుషోత్తమ్.

మారమ్మ నా వైపు తిరిగింది. "సుమమ్మా, రోజూ అందరి పాలూ చూసేది నువ్వు. నువ్వు చెప్పు."

నా ఉద్యోగం అతని చేతిలో ఉంది. అయినా చెప్పేశాను. "ఆ వాసన సెక్రెటరీ ఇంటి పాలల్లో ఉంది."

అతనికి పట్టుపురుగుల పెంపకం ఉంది. పురుగులు తినగా మిగిలిన మల్బరీ ఆకును ఆవులకు వేయడం మా వైపు అందరూ చేసేదే. ఆ నెల పురుగులకు జబ్బు తగిలిందని మందుపొడి దండిగా చల్లారు. పొడి పట్టిన ఆకే ఎత్తి ఆవులకు వేశారు. అదంతా చెప్పగానే వరసలో ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళు గుర్తొచ్చి తలలు దించుకున్నారు.

పురుషోత్తమ్ మారమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సరేమ్మా, మందు కొట్టించను. పాలు పొయ్. ఇంగ వదిలెయ్."

"ఊరంతా వినేట్టు అనేసి ఇప్పుడు చెవిలో చెప్తే ఎట్లప్పా? మైకులో చెప్పు."

"నేను చెప్పను."

"అయితే నేనే చెప్తా."

మారమ్మ లోపలికొచ్చి బల్ల మీది మైకు అందుకుంది. అతను గోడకున్న స్విచ్ ఆపేసి బయటికెళ్ళి గడప దగ్గర నిలబడ్డాడు. మారమ్మ మైకు దించలేదు. మూగ మైకును నోటి దగ్గర పెట్టుకుని అట్లాగే నిలబడింది. "ఇది పలికేదాకా నేను కదిలేది లేదు" అంది.

స్విచ్ నా భుజం పక్కనే ఉంది. పురుషోత్తమ్ నా వైపే చూస్తున్నాడు. నేను చెయ్యెత్తి స్విచ్ వేశాను.

మైకు ఒకసారి కీచుమంది.

"నేను మారమ్మని మాట్లాడతా ఉండాను. నా గౌరి పాలు మంచివి. చెరువు కింద గడ్డి జోలికి ఎవరొచ్చినా ముందు నన్ను దాటాల."

ఆ మాట చెరువు కట్ట దాకా వినబడింది. స్విచ్ వేసింది ఎవరని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. నేనే అని చెబుతాను.