సాంబన్న ఆపిన పాట

మా సాంబన్న తన నీడనైనా వెనక నడవనివ్వడు. కళ్లముందుంటేనే నమ్మకం. అందుకే పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకు నడుస్తాడని సిరిసిల్లలో చెప్పుకుంటారు. పని ఎటువైపున్నా సరే!

ఆయన పూర్తి పేరు సాంబయ్య. పగలు మరమగ్గాల షెడ్డులో పని, సాయంత్రం మా రాక్ బ్యాండులో డ్రమ్ములు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటాం. బ్యాండు పేరూ అదే. నేను భానుప్రసాద్‌ను, గిటారు వాయిస్తాను. సాంబన్నతో ఇన్నేళ్లు వాయించి కూడా పిచ్చాసుపత్రికి పోనందుకు నాకు ఎవరైనా శాలువా కప్పాలి.

ఏం చూసినా ఆయన నోట ఒక్కటే మాట. "ఏదో కిరికిరి ఉన్నది."

చాయ్ తియ్యగా ఉంటే కిరికిరి. "గింత చక్కెర ఊకెనే ఎవడేస్తడురా? పాలు ఖరాబైనయేమో, తెల్వకుంట ఏసిండు." చాయ్ చప్పగా ఉంటే అదింకో కిరికిరి. పెళ్లిచూపుల్లో పిల్ల ఈయన్ని చూసి వెంటనే సరేనంది. అంతే, "నన్ను జూసి గంత జల్ది ఎట్ల ఒప్పుకున్నది?" అని నెలల తరబడి ఊరంతా విచారణ చేశాడు. ఆ పిల్లే మా మంజుల వదిన. "గా నెలలల్ల నేను గూడ జర ఆలోచిస్తే బాగుండు" అని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఈ జబ్బు వేదికెక్కితే మా ప్రాణాలు తోడేసేది. పాట మధ్యలో టక్కున ఆపేసేవాడు. సాంచా మీద పోగు తెగితే వెంటనే ఆపాలి, ముడేసి మళ్లీ నడపాలి. ఆ అలవాటే డ్రమ్ముల మీదికీ వచ్చిందని సరిపెట్టుకునేవాళ్లం. ఒకసారి బాసర ప్రోగ్రాంలో జనం ఊగిపోతున్నారు. మా సింగర్ ప్రణయ్ రెండో చరణం ఎత్తుకున్నాడో లేదో, సాంబన్న లేచి నిలబడ్డాడు. "ఆగుండ్రి! నట్టు లూజున్నది." పానా పట్టుకుని డ్రమ్ము కిందికి దూరాడు. జనం గోల చేశారు. ప్రణయ్ ముఖం మాడిపోయింది.

"గీ పిచ్చోనితోని నేను పాడ" అని ప్రణయ్ మర్నాడే హైదరాబాద్ పోయి ఇంకో బ్యాండులో చేరిపోయాడు.

జనం వచ్చేదే ప్రణయ్ కోసం. సాంబన్న మీద నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చివరికి మెథడిస్టు చర్చిలో పాడే హెప్సిబా వస్తానంది. "నాకు గిట్ల గొంతెత్తి పాడుడంటే పానం అన్నా. కని మా అవ్వ ఒక్క ప్రోగ్రాంకే ఒప్పుకున్నది. మంచిగైతే మళ్ల పంపుతది. నవ్వులపాలైతే ఇగ గంతే." ఆ ఒక్క ప్రోగ్రాం ఖానాపూర్‌లో.

సాంబన్న మొదటిరోజే నన్ను పక్కకు లాగాడు. "ప్రణయ్‌గాడు పంపిన మనిషేమోరా."

"ఎందుకు పంపుతడన్నా?"

"గదే తెలుస్తలేదు. గందుకే అనుమానం."

ఆమె తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాడు. "ఉత్త వేడినీళ్లు! గివ్వి ఎవరన్న మోస్కొస్తరా?"

పిల్ల గట్టిదే. "ముందుగాల నువ్వు తాగన్నా. నువ్వు బతికితే నేను తాగుత" అంది. సాంబన్న గబగబా మూత బిగించి ఫ్లాస్కు ఆమె చేతిలో పెట్టేశాడు.

ఖానాపూర్‌లో మైదానం నిండిపోయింది. హెప్సిబా అవ్వ, అంటే వాళ్లమ్మ, సత్తవ్వ ముందు వరసలోనే కూర్చుంది. పాట మొదలైందో లేదో వెనక నుంచి "ప్రణయ్! ప్రణయ్!" అని కేకలు. హెప్సిబా ఎలాగో పల్లవి లాక్కొచ్చింది. చరణంలో గొంతు వణికింది. నా వైపు చూసింది, కళ్లనిండా నీళ్లు. ఇంకొక్క ముక్క పాడితే గొంతు పూర్తిగా పోయేట్టుంది.

టక్కున డ్రమ్ములు ఆగాయి.

"ఆగుండ్రి! వైర్లల్ల ఏదో కిరికిరి ఉన్నది!"

సాంబన్న వేదిక దిగి, వైరు తడుముకుంటూ జనరేటర్ దాకా పోయాడు. జనరేటర్ అతనితో కొట్లాట పెట్టుకున్నాడు. జనం ప్రణయ్‌ను మరిచిపోయి ఈయన మీద పడ్డారు. "ఓ డ్రమ్ములాయనా, మీ ఇంట్ల వైర్లు జూస్కోపో!" "ఎవడ్రా వీన్ని పిల్సింది?" ఎవరో ఖాళీ నీళ్ల సీసా విసిరారు. సాంబన్న దాన్ని తీసి తిప్పి తిప్పి చూశాడు. "మనకు తెల్సినోడే కొట్టిండు. గురి మంచిగున్నది."

మైదానమంతా గొల్లుమంది. సత్తవ్వ కూడా నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈలోగా హెప్సిబా నీళ్లు తాగింది, ఊపిరి తీసుకుంది, తనూ పకపకా నవ్వింది. సాంబన్న తీరిగ్గా వచ్చి కూర్చుని ఆమె వైపు చూశాడు. ఆమె తలూపాకే పుల్లలు ఎత్తాడు.

ఇక ఆ పిల్ల పాడింది చూడండీ! కూర్చున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. ప్రణయ్ ఉన్నప్పుడు మా ముఖం చూడని ఊళ్లు కూడా ఇప్పుడు మమ్మల్ని పిలుస్తున్నాయి, బోథ్‌తో సహా. అదంతా ఆ సాయంత్రమే మొదలైంది.

సామాన్లు సర్దుతూ ఆ వైరు చూశాను. కొత్తది, గీత కూడా లేదు. నాకప్పుడు వెలిగింది.

"అన్నా, బాసరల గూడ నట్టు లూజు లేకుండె గదా? ప్రణయ్ పాటల మాటలు మర్సిపోయిండు, గందుకే ఆపినవు."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే. నేనే తెల్సుకున్న."

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నీ అంతల నువ్వే తెల్సుకున్నవా? ఏదో కిరికిరి ఉన్నది."

"వాడు పిచ్చోడని తిట్టిపోతే గప్పుడన్న చెప్పొద్దా?"

"చెప్తే వాని ఇజ్జత్ పోతది గదరా."

ఇన్నాళ్లూ తిట్టుకున్న మనిషి మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. పైకి అంటే ఎందుకంటున్నావని నిలదీస్తాడని ఊరుకున్నాను.

ఇంతలో ప్రోగ్రాం పెట్టించిన లింగమూర్తి వచ్చాడు. "అమ్మా, వచ్చే ఏడు గూడ నువ్వే పాడాలె. గా డ్రమ్ములాయనను మాత్రం తేకుండ్రి."

హెప్సిబా నోరు తెరిచేలోపే సత్తవ్వ అందుకుంది. "గాయిన ఉంటెనే నా బిడ్డను పంపుత. లేకుంటే పంప."

సాంబన్న ఉలిక్కిపడ్డాడు. తల్లినీ బిడ్డనూ మార్చి మార్చి చూశాడు.

"నిజం చెప్పు పిల్లా. నాతోని మీకేం గావాలె?"

"ఏం వద్దన్నా."

"ఏం వద్దనేటోళ్లతోనే పరేషాన్" అని గొణుక్కుంటూ, ఆమె బ్యాగు తన భుజానికి తగిలించుకుని వ్యాను వైపు నడిచాడు.