మూఢంలో వచ్చిన కుక్కపిల్ల

నేను పుట్టి పెరిగింది విజయవాడ వన్ టౌన్‌లో. కింద బట్టల కొట్టు, పైన ఇల్లు. మా ఇంట్లో జంతువంటే గోడ మీద బల్లి ఒక్కటే. అలాంటిదాన్ని పెళ్లయ్యాక ఉయ్యూరు దగ్గర చెరుకు రైతుల ఇంట్లో వచ్చి పడ్డాను. అక్కడ మా అత్తయ్య పాడిగేదెల మధ్య మహారాణిలా ఉండేది. కోడలికి గేదె పాలిచ్చేది ఎటునుంచో కూడా తెలియదని వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది. నేనేం తక్కువ తినలేదు. ఆవిడకి మనుషుల కన్నా గేదెలే దగ్గరి చుట్టాలని నేనూ చెప్పేదాన్ని.

ఆ ఊళ్లో అత్తయ్య చెయ్యి మంచిదని పేరు. ఎవరింట్లో దూడ పుట్టినా, ఎవరు కొత్త గేదెను తోలుకొచ్చినా మొదటి మేత ఆవిడ చేతే వేయించేవాళ్లు. పొద్దున్నే తలుపు కొట్టి, "పిన్నిగారూ, ఒక్కసారి వచ్చి వెళ్లండి" అని పిలిచేవాళ్లు. ఆవిడ కాఫీ కూడా తాగకుండా కొంగు దోపుకుని బయల్దేరేది. ఆ నడకలో కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి?

తర్వాత మా ఆయన ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు పెట్టారు. గేదెల్ని అమ్మేసి అందరం పటమట వైపు ఒక ఫ్లాటులోకి మారాం. అత్తయ్యకి ఫ్లాటు నచ్చలేదని కాదు, లిఫ్టు అయితే భలే నచ్చింది. కానీ అలవాటు కొద్దీ తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, లేచాక చెయ్యడానికేమీ ఉండేది కాదు. బాల్కనీలో కూర్చుని పాలప్యాకెట్ల కోసం ఎదురుచూసేది. అవి రాగానే నొక్కి చూసి, "ఇవేం పాలమ్మా, కడుగునీళ్లు" అని పెదవి విరిచేది. ఆవిడ్ని అలా చూస్తే నాకు బాధనిపించేది. ఆ చేతులకి సాకడానికి ఒక ప్రాణి కావాలి. మూడో అంతస్తుకి గేదె ఎక్కదు కాబట్టి కుక్కపిల్లను తెద్దాం అన్నాను, ఫ్లాటులో పెరిగే చిన్న జాతిది.

"ఛీ, కుక్కేంటి ఇంట్లో!" అంది అత్తయ్య. మర్నాడు పొద్దున తనే అడిగింది, "ఏ రంగుది?" అని.

వన్ టౌన్‌లో చేపల తొట్లు, పిట్టల పంజరాలు అమ్మే సందులో ఒకతని దగ్గర పమేరియన్ పిల్ల ఉందని తెలిసి వెళ్లాం. తెల్లగా, దూది ఉండలా ఉంది. పొట్ట గుండ్రంగా ఉంటే, "అబ్బ, ఎంత బొద్దుగా ఉందో" అని అత్తయ్య మురిసిపోయింది. అతను పాపం ఉన్నమాటే చెప్పాడు. "దీనికి ఇంకా నెలేనండీ. తల్లి పాలు మరవలేదు. ఇంకో నెలాగితే టీకా కూడా వేయించి ఇస్తాను" అన్నాడు.

"ఎల్లుండి నుంచి మూఢమయ్యా. మూఢం పోతే ఆషాఢం. అన్నాళ్లు ఎవరాగుతారు?" అంది అత్తయ్య.

మూఢంలో మా వైపు శుభకార్యాలేవీ చెయ్యరు. పెళ్లి చెయ్యరు, గృహప్రవేశం చెయ్యరు, కొత్త బండి కూడా కొనరు. అందుకే మూఢం వస్తోందంటే చాలు, ఊరంతా ముందే హడావుడి పడిపోతుంది. "కుక్కకి ముహూర్తం ఏంటమ్మా?" అని మా ఆయన నవ్వారు. "ఇంటికి ప్రాణి వస్తుంటే చూడొద్దా? గేదెను తోలుకొచ్చినప్పుడు చూళ్లా?" అని ఆవిడ ఆయన నోరు మూయించింది. మర్నాడు దశమి, గురువారం. పొద్దున తొమ్మిది లోపే పిల్ల మా ఇంట్లో ఉంది. అత్తయ్య దానికి హారతిచ్చి, వెండి గిన్నెలో పాలు పోసి, తన వేళ్లతోనే నాకించింది.

ఆ వారం గడవలేదు. వాంతులు మొదలయ్యాయి, తర్వాత రక్తవిరేచనాలు. పశువుల డాక్టరుగారు సెలైన్ పెట్టారు, చెయ్యగలిగిందంతా చేశారు. బల్ల మీదే ప్రాణం పోయింది. కుక్కపిల్లలకొచ్చే అంటుజబ్బని, టీకా వెయ్యకముందే, తల్లి నుంచి మరీ త్వరగా తెచ్చేశారని, పొట్టనిండా పురుగులున్నాయని చెప్పారు. ఆయన మందలించను కూడా లేదు. మందలించినా బాగుండేది.

అత్తయ్య ఏడవలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుని, "దూడకి పొట్ట అలా బిగిసి ఉంటే పురుగులని ఆమడ దూరం నుంచి చెప్పేదాన్ని. కుక్కపిల్లకొచ్చేసరికి బొద్దుగా ఉందనుకున్నాను" అంది. అరచెయ్యి తిప్పి చూసుకుని, "నా చెయ్యి పాడైపోయిందమ్మాయ్" అంది.

"చెయ్యి కాదత్తయ్యా, తొందర!" అన్నాను. నాకు ఏడుపొస్తే కోపంగానే బయటికొస్తుంది. ఆవిడ ఆ మాట వినిపించుకోలేదు.

నేను భయపడింది ఆ తర్వాతే. పక్క ఫ్లాటువాళ్లు మనవడి అన్నప్రాసనకి, "పెద్దవారు, మొదటి ముద్ద మీరే పెట్టాలండీ" అని పిలవడానికొస్తే మోకాళ్ల నొప్పులని చెప్పి పంపించేసింది. తులసికి నీళ్లు కూడా నన్నే పొయ్యమంది. పచ్చడి కలపదు, విత్తనం పెట్టదు. ఊరంతా నమ్మిన చేతిని ఆవిడే నమ్మడం మానేసింది. కుక్కపిల్ల పోయినందుకు బాధపడుతూనే, ఈవిడ కూడా నా కళ్లముందే కొంచెం కొంచెంగా పోతోందేమోనని నాకు గుబులు.

ఆ జబ్బు క్రిమి ఇంట్లో చాలాకాలం ఉంటుందనీ, బ్లీచింగ్‌తో కడిగి కొన్ని నెలలాగాకే ఇంకో పిల్ల మాట ఎత్తాలనీ డాక్టరుగారు చెప్పారు. ఆగాం. చలికాలం వెళ్లాక, కంకిపాడులో ఒక టీచరుగారి ఇంట్లో పమేరియన్ ఈనిందని ఆయనే చెప్పారు. అత్తయ్య రానంది. తర్వాత, "కారులో కాస్త గాలి తగులుతుంది" అంటూ వచ్చి ముందుసీట్లో కూర్చుంది.

ఆ ఇంట్లో తల్లికుక్క పిల్లలతో పాటే వరండాలో తిరుగుతోంది. అత్తయ్య మెట్టు మీద దూరంగా కూర్చుని, చేతులు కొంగులో దాచుకుంది. చేతులు దాచుకుంది గానీ నోరు కాదు.

"పిల్లల్ని తర్వాత చూద్దువుగాని, ముందు తల్లిని చూడు. అది కరుకుదైతే పిల్లలకీ అదే వస్తుంది. కళ్లల్లో పుసులున్నాయేమో చూడు. పెదవెత్తి చిగుళ్లు చూడు, ఎర్రగా ఉండాలి. తోక కింద చూడమ్మాయ్, సిగ్గుపడతావేం?"

నేను నేలమీద చతికిలబడి ఒక్కొక్కదాన్నీ ఎత్తి చెవులు వాసన చూస్తుంటే, "సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లు కూడా ఇంత చూడరండీ" అని టీచరుగారు నవ్వారు. వాటిల్లో అన్నిటికన్నా చిన్నది నా అరచేతిలో ఒదిగిపోయింది. నా మనసు దాని మీదికే పోయింది. "చిన్నగా ఉందని ముచ్చటపడకు. ఎందుకు చిన్నదైందో అది చూడు" అంది అత్తయ్య. చూస్తే నిజంగానే అది తల్లి దగ్గర వెనకబడుతోంది, మిగతావి ఆడుతుంటే పడుకుంటోంది. టీచరుగారు కూడా దాన్ని తామే ఉంచుకుంటున్నామన్నారు. చివరికి నా చెప్పుల్ని ఈడ్చుకుపోతున్న గోధుమరంగు ఆడపిల్లను ఖాయం చేసుకున్నాం.

అప్పుడు టీచరుగారు కాస్త మొహమాటంగా, "దీనికి రెండు నెలలు నిండేసరికి మళ్లీ మూఢమండీ. చాలామంది పట్టింపు అని ముందే తీసుకెళ్లిపోతామంటున్నారు. మరి మీరు?" అన్నారు.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ తల్లికుక్కను చూస్తోంది. "వద్దమ్మా. దాన్ని తల్లి దగ్గరే ఉండనివ్వండి" అంది.

రెండు నెలలు నిండాయి. కడుపులో పురుగులు పోయే మందు పట్టారు, టీకా వేశారు, ఆ తర్వాత వారం ఆగారు. "రేపెళ్దాం" అంది అత్తయ్య ఒక సాయంత్రం. నాకు ఆటపట్టించాలనిపించింది. "రేపు మంగళవారం అత్తయ్యా. మూఢం. అష్టమి కూడానేమో చూడండి."

"దానికి తెలుసేంటి మంగళవారమని?" అంది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

వెళ్లాం. టీచరుగారు పిల్లను ఆవిడకే అందించబోయారు. అత్తయ్య ఒక అడుగు వెనక్కి వేసి, "అమ్మాయికివ్వండి" అంది. నేనే తీసుకున్నాను. మా ఆయన కారు నడుపుతుంటే అత్తాకోడళ్లం వెనకసీట్లో కూర్చున్నాం. బందరు రోడ్డెక్కామో లేదో పిల్ల వణకడం మొదలుపెట్టింది. నా చీరంతా వాంతి చేసింది. మొదటి పిల్లకీ ఇలా వాంతులతోనే మొదలైంది. పాత రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలియక అటూ ఇటూ తిప్పుతున్నాను.

"అలా కాదు పట్టుకునేది! ఇటివ్వు!"

అత్తయ్య దాన్ని నా చేతుల్లోంచి లాక్కుంది. మూతి తుడిచింది. కడుపు కింద అరచెయ్యి పెట్టి తన రొమ్ముకి ఆనించుకుంది. పెదవెత్తి చిగుళ్లు చూసింది. "ఏం లేదు, కారు పడలేదు దీనికి. అద్దం దించండ్రా" అంది. కాసేపటికి అది ఆవిడ బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. అప్పుడు చూసుకుంది ఆవిడ, దాన్ని పట్టుకున్నది తన చేతులేనని. వెనక్కి ఇవ్వబోతుందేమోనని నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"బతుకుతుందంటావా?" అంది, చాలా మెల్లగా.

అన్నేళ్లలో మా అత్తయ్య నన్ను ఒక ప్రాణి గురించి సలహా అడగడం అదే మొదటిసారి. "బతుకుతుందత్తయ్యా" అన్నాను. ఏం చూసుకుని అన్నానో నాకే తెలియదు.

బతికింది. చెప్పులన్నీ కొరికింది, లిఫ్టులో అందరి మీదా అరిచింది, అత్తయ్య పెరుగన్నం తప్ప ఇంకేది పెట్టినా మూతి తిప్పుకుంది. ముసలిదై, పళ్లూడి, కిందటేడు నా ఒళ్లోనే నిద్రలో పోయింది. అప్పటికి అత్తయ్య పోయి రెండేళ్లయింది. అంత ఏడుపులోనూ నాకు ఆవిడ్ని లేపుకొచ్చి చూపించాలనిపించింది, చూడండత్తయ్యా, మీ చేతిమీదుగా వచ్చింది నిండా బతికి పోయింది అని.