ఇత్తనం కార్డులో, పంట మిషన్‌లో

పెద్దమ్మ పోయింది. నేను కర్నూలులో ఆటో ఎక్కుతుండగా అక్క ఫోన్ చేసి, “అమ్మ ల్యాకపాయప్పా” అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. బద్వేలు చేరేసరికి మట్టి చేసేశారు. పెద్దమ్మ మా అమ్మకు తోడబుట్టిన అక్క. ఫోన్ చేసింది ఆమె ఒక్కగానొక్క కూతురు. ఆఖరి చూపు దక్కలేదన్న బాధ ఒకటైతే, అక్కడికి పోయాక విన్న సంగతి ఇంకొకటి. ఆ రెండోది ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

మోకాళ్లు అరిగి ఇంటిపట్టున కూర్చున్నాక పెద్దమ్మ చేతికి ఒక గేమ్ మిషన్ వచ్చింది. మనవరాలు హాస్టలుకు పోతూ వదిలేసినది. రెండు చేతులా పట్టుకుని ఆడే చిన్న తెర. ఆడడం నేనే నేర్పాను, నా దగ్గరా అలాంటిదే ఉంది కాబట్టి. అందులో చిన్న కార్డు పెట్టి ఆడే ఒక సేద్యం ఆట. బోరు ఎండి, చెనిక్కాయ చేను బీడు పెట్టుకున్న మనిషి ఆ ఆటను పట్టుకుని ఇక వదల్లేదు.

“ఈడ వాన పడతాదని చెప్తే పడతాది అబ్బీ” అనేది. ఆ మాట నవ్వుతూనే అనేది.

పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేచేది కాదు. అక్క అరిస్తే, “చేన్లో ఉండేదాన్ని పిలిస్తే వస్తానా?” అని దబాయించేది. ఆటలో వంకాయలు కాస్తే వీధిలో వాళ్లను పిలిచి చూపించేది. కోసిన ప్రతి పంటకూ ఫొటో తీసి దాచుకునేది. ఆ ఫొటోలతోనే ఒకసారి మిషన్ నిండిపోయి మొండికేసింది.

నేనొక మెమరీ కార్డు కొనిచ్చి ఫొటోలన్నీ అందులోకి మార్చాను. “పంటను గూడా అందులోకి ఎత్తు” అంది. అది కుదరదని, ఆడినదంతా మిషన్ లోపలే ఉంటుందని, ఏ కార్డులోకీ పోదని చెప్పాను. ఇంటర్నెట్‌కు ఆమె ఎప్పుడూ కలపనే లేదు. కాసేపు ఆలోచించి తేల్చేసింది.

“అయితే ఇంతే గదా. ఇత్తనం ఆట కార్డులో. పంట మిషన్‌లో. ఫొటోలు ఈ బుడ్డదాంట్లో. యాడిది ఆడ ఉంటే ఎతుక్కునే పన్లేదు.”

ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. అక్క ఆ రోజు ఇంట్లో లేదు.

మా ఇళ్లలో మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు, చివరిదాకా చెయ్యి వదలని వస్తువును ఆ చేతి పక్కనే పెడతారు. పెదనాన్నకు వక్కాకు సంచి పెట్టారు. పెద్దమ్మకు అక్క మిషన్ పెట్టింది. పెట్టేముందు రెండు కార్డులూ తీసి, పసుపు గుడ్డలో కట్టి దాచింది. నేను పోగానే ఆ మూట విప్పి నా ముందు పెట్టింది.

“మిషన్ అమ్మకు, చేను నాకు. నీ మిషన్‌లో ఏసి చూపీ అప్పా.”

అక్క ఎందుకలా అనుకుందో నాకు అర్థమైంది. ఫొటోలు కార్డులోనే ఉంటాయని ఆమెకు తెలుసు. చేను కూడా అక్కడే ఉంటుందనుకుంది. ఎప్పుడూ సంచిలో ఉండే నా మిషన్ తీసి ఆట కార్డు వేశాను. ఆట మొదలై, రాళ్లూ పిచ్చి చెట్లూ నిండిన ఖాళీ నేల ఒకటి చూపించి, నీ చేనికి ఏం పేరు పెడతావని అడిగింది.

“ఇది గాదు. అమ్మ చేను యాడ?”

చెప్పాను. చేను మిషన్‌లోనే ఉండిపోయిందని చెప్పకుండా ఎలా ఉండను? అక్క ఏడవలేదు. ఫొటోలు చూద్దామంటే వద్దంది. ఆ గుడ్డను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. నాకు శానా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ప్రేమతో చేసిన పనిని ఎవరు తప్పు పడతారు?

మూడో దినం పాలు పోయడానికి చేనికి పోయాం. పెదనాన్న పక్కన, ఆ బీట్లోనే పెద్దమ్మను పెట్టారు. అందరూ ఇంటిదారి పట్టాక అక్క అక్కడే కూర్చుని మట్టిపెళ్లలు చేత్తో చిదుముతూ ఉంది.

“తవ్విస్తే?” అంది, నావైపు చూడకుండా.



“తవ్వగూడదులే” అని తనే అంది. ఇంకో పెళ్ల చిదిమింది. “ఛార్జింగు నిండా ఎక్కించి పెట్టినాప్పా. కాసేపన్నా ఆడుకుంటాదని.”

ఏళ్లుగా నాగలి ఎరగని నేల అది. చుట్టూ కంప చెట్లు, గట్టిపడిపోయిన ఎర్రమన్ను. పెద్దమ్మ ఉన్న ఆ కాస్త చోటు మాత్రం అప్పుడే దుక్కి చేసినట్టు గుల్లగా, పాలకు తడిసి ఉంది.