ఓడెక్కని కారు

ఆ రోజుల్లో మా దివిసీమలో డ్రైవింగ్ వచ్చంటే రోడ్డు మీద కారు నడపగలడని అర్థం కాదు. రోడ్డు మీద ఎవరైనా నడుపుతారు. కారుని పంటు ఎక్కించగలిగినవాడే డ్రైవరు. రెండు పడవలు పక్కపక్కన బిగించి పైన చెక్కలు పరిస్తే అది పంటు. మనుషులు, గేదెలు, మేత బస్తాలు, మోటారు సైకిళ్ళు, అప్పుడప్పుడూ కార్లు దాని మీదే కృష్ణ పాయ దాటి ఎదురుమొండి లంక వైపు వెళ్ళేవి. కారు ఎక్కడానికి ఒడ్డు నుంచి రెండు పలకలు వేసేవారు. ఒక్కో పలక టైరు కంటే నాలుగు వేళ్ళు వెడల్పు ఎక్కువ, అంతే. వాటి మీదుగా ముందుకు ఎక్కించాలి, అవతలి ఒడ్డున వెనక్కి దించాలి. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం ఇంకా నన్ను వెతుక్కుంటున్న ఆ కాలంలో (నేను దాన్ని వెతుక్కోలేదు, అది వేరే విషయం) మా మావయ్య రొయ్యల చెరువుల పని చూస్తూ రోజూ ఆయన పాత కారుని పంటు ఎక్కించి దించేవాణ్ణి. పంటు నడిపే పెద్దాయన్ని అందరం పంటు బాబాయి అనేవాళ్ళం. ఆయనొకసారి రేవులో పదిమంది వింటుండగా, "ఈ కుర్రాడు స్టీరింగ్ పడితే చక్రం పలక దిగదండీ," అన్నాడు. ఆ ఒక్క మాటతో నా తల తలుపుల్లో పట్టడం మానేసింది.

సరిగ్గా అప్పుడే పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఉత్తరం వచ్చింది. మా మావయ్య కూతురు, అంటే నాకు వదిన, పెళ్ళయ్యాక అక్కడే ఉండేది. వాళ్ళాయనకి, అంటే నాకు వరసకి అన్నయ్యకి, అక్కడ గవర్నమెంటు ఉద్యోగం. వదినకి నెలలు నిండబోతున్నాయి. మొదటిసారి కడుపు నిలవలేదు కాబట్టి ఈసారి కదలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. పురిటికి పుట్టింటికి రావలసిన పిల్ల రాలేదు గనక పుట్టిల్లే కదిలి వెళ్ళాలి. మావయ్యకి కుదరదు, చెరువుల్లో రొయ్యలు పట్టుబడికి వచ్చి ఉన్నాయి. అత్తయ్య వెళ్ళాలి, తోడుగా నేను వెళ్ళాలి. అన్నయ్య విశాఖపట్నం నుంచి ఓడకి ఇద్దరికీ టికెట్లు కూడా పంపించేశాడు. ఆ ఓడ నెలకో ఎప్పుడో ఒకసారి వెళ్తుంది. ఇది తప్పితే పురిటికి అందనట్టే.

మా అత్తయ్య గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అవనిగడ్డ దాటి ఒంటరిగా వెళ్ళిన మనిషి కాదు. చిలకలపూడి వెళ్ళి గిల్టు గాజులు తెచ్చుకోవాలన్నా మావయ్యో నేనో వెంట ఉండాల్సిందే. బందరు బస్టాండులో బోర్డులు చదవగలిగి కూడా, "ఏరా, ఇది మన బస్సేనా?" అని మమ్మల్ని అడిగి ఎక్కేది. అలాంటి మనిషి మూడు రోజులు సముద్రం మీద ప్రయాణం చేయాలి. పైగా సామాను చూస్తే బాలింతకి పెట్టే కాయం సీసాలు, శొంఠి, ఆముదం, సాంబ్రాణి, రెండు డబ్బాల సున్నుండలు, పొత్తిళ్ళకి పాత నేత చీరల మూట. వీటన్నిటి మీదా ఒక పీట. పసిబిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేటప్పుడు తను కూర్చునే పీట అది. వదినకి ఆ పీట మీదే నీళ్ళు పోసిందట. "పీట అక్కడ దొరకదా అత్తయ్యా?" అన్నాను. "పీట దొరుకుతుంది, ఇది దొరకదు," అంది.

ఇన్ని మూటలతో రైలు మారడం కష్టం కదా అని మావయ్య ఆలోచిస్తుంటే నేను రంగంలోకి దిగాను. "కార్లో వెళ్తాం మావయ్యా. ఓడ దాకా కాదు, ఓడలోకే. పోర్ట్‌బ్లెయిర్‌లో దించుకుని వదిన గుమ్మం ముందే ఆపుతా." మావయ్యకి అనుమానం వచ్చింది. "ఓడలోకి కార్లెక్కిస్తారంటావా?" మర్నాడు రేవులో పంటు బాబాయిని అడిగాం. ఆయన బీడీ పక్కన పెట్టి సీరియస్‌గా ఆలోచించాడు. "దీనికే ఎక్కుతుంటే దానికెందుకెక్కదండీ? అది దీనికన్నా పెద్దదేగా," అన్నాడు. ఆ తర్కంలో మాకెవరికీ లోపం కనబడలేదు. టికెట్టు వెనక సన్నక్షరాల్లో ఇంగ్లీషులో చాలా రాసి ఉంది. అది చదవకపోవడానికి నాకున్న కారణం ఒక్కటే, ఆత్మవిశ్వాసం. "అత్తయ్యని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు," అని చెప్పి మావయ్య తాళాలు నా చేతిలో పెట్టాడు.

తెల్లారుతూనే బయల్దేరి గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షన్‌లో హైవే ఎక్కాం. ఎండలో పడి వెళ్ళి సాయంత్రానికి అన్నవరం చేరి సత్రంలో పడుకున్నాం. అక్కడి దాకా నా డ్రైవింగ్‌కి ఎదురులేదు. మర్నాడు పొద్దున విశాఖలోకి వచ్చాకే ఒక సంగతి తెలిసింది. ఆ ఊరు సమంగా ఉండదు. మా వైపు ఎత్తంటే కాలవ మీద వంతెన, పల్లమంటే దాని అవతల. ఇక్కడ రోడ్లే ఎక్కుతాయి, దిగుతాయి. పాతబస్తీ వైపు ఒక ఎత్తు మీద లారీలు ఆగితే మా కారు కూడా ఆగింది, ఆగి మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో ఎప్పుడూ అవసరం పడలేదు గనక చెడిపోయిన హ్యాండ్ బ్రేకుని మావయ్య బాగుచేయించలేదు. నేను ఫుట్ బ్రేకు తొక్కిపట్టి చెమటలు కక్కుతుంటే అత్తయ్య తలుపు తీసుకుని దిగింది. ఒళ్ళోని పీట తీసుకెళ్ళి వెనక చక్రం కింద పెట్టింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టడం మానేసి చూస్తూ ఉండిపోయాడు. (గేరులో పెట్టి ఇంజను ఆపేస్తే కారు కదలదని నాకు ఆ తర్వాత ఏడాదికి తెలిసింది.) ముందు లారీ కదిలాక పీట తీసుకుని, దులిపి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. అలా హార్బర్ గేటు చేరేసరికి ఆ పీట నాలుగుసార్లు దిగింది, నాలుగుసార్లు ఎక్కింది.

గోడ పైనుంచి ఓడ కనబడుతోంది. తెల్లగా, మా ఊరి రైస్ మిల్లుకి పదింతలుంది. నేను గేటు పక్కన కారు ఆపి, అక్కడా కొంచెం వాలుగానే ఉండటంతో అత్తయ్య పీట పెట్టాక, దిగి ధీమాగా గార్డు దగ్గరికి వెళ్ళాను. నడివయసు మనిషి, మీసాలున్నా మెత్తగా మాట్లాడాడు.

"పలకలు ఎప్పుడేస్తారండీ?" అన్నాను.

"ఏం పలకలు బాబూ?"

"కారెక్కడానికండీ."

ఆయన నన్ను చూశాడు, కారుని చూశాడు, చక్రం కింద పీటని చూశాడు. "ఏ ఊరు బాబూ మీది?"

"దివిసీమండీ."

"అక్కడ ఓడలు కార్లు ఎక్కించుకుంటాయా?"

"ఓడలు కాదండీ, పంటు," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు ఏదో అర్థం కావడం మొదలైంది.

"ఇది మనుషులెక్కే ఓడ బాబూ. మెట్లెక్కాలి. ఇంకో గంటలో గేటు మూసేస్తారు, తొందరపడండి," అన్నాడు.

"మరి కారెక్కడ పెట్టాలండీ?"

అవనిగడ్డ నుంచి అక్కడి దాకా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మా వైపు కారు ఎక్కడ పెట్టాలని ఎవరూ అడగరు. ఎక్కడ దిగితే అక్కడ పెడతారు. ఎవరి గుమ్మం ముందు పెట్టినా ఆ ఇంటివాళ్ళు ముందు మజ్జిగ ఇచ్చి, తర్వాత మీరెవరండీ అని అడుగుతారు. గార్డు మాత్రం లోపల రోజుల తరబడి పెట్టనివ్వరన్నాడు. బయట వదిలేస్తే సాయంత్రానికి పోలీసులు లాక్కుపోతారన్నాడు. తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టుకోమన్నాడు. ఆ మహానగరం మొత్తంలో నాకు తెలిసింది ఆయనొక్కడే, అదీ ఐదు నిమిషాల నుంచి. "మీ ఇల్లెక్కడండీ?" అని అడిగేశాను. ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "మా సందులో సైకిలే తిప్పలేం బాబూ," అన్నాడు.

నేను తిరిగొచ్చి కార్లో కూర్చుని అత్తయ్యకి సంగతంతా చెప్పాను. ఆవిడ గేటు వైపు చూస్తూ విన్నది.

"ఇంటికెళ్ళిపోదాం అత్తయ్యా. వచ్చే ఓడకి రైల్లో వద్దాం," అన్నాను.

"వచ్చే ఓడ దాకా దాని కడుపు ఆగుతుందేంట్రా?"

"పోనీ కారిక్కడే వదిలేసి వచ్చేస్తాను. ఏమైతే అదవుతుంది."

"మీ మావయ్య కారుని పోలీసుల పాలు చేస్తావేంట్రా? కారు నువ్వు చూసుకో. నేను వెళ్తాను."

"ఒక్కదానివే?"

"ఓడ నిండా జనముంటార్రా," అంది.

అంతే. కొంగు బిగించి దిగింది. ఒక కూలీని తనే పిలిచింది, తనే మాట్లాడుకుంది, మూటలన్నీ తోపుడు బండి మీద పెట్టించింది. చివరికి వంగి చక్రం కింద పీట తీసుకుంది. నేను బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నాను. దిగి డబ్బా ఒక్కటైనా అందిద్దామంటే కాలు తీస్తే కారు వెళ్ళిపోతుంది. మావయ్య ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దన్న మనిషి, పీట చంకలో పెట్టుకుని బండి వెనకాల నడిచి వెళ్తుంటే, పంటు ఎక్కించడంలో సాటిలేని డ్రైవర్ని, ఒక కాలు ఎత్తలేక అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. గార్డు ఒక రాయి తెచ్చి టైరు కింద పెట్టేసరికి ఆవిడ గేటు దాటేసింది. ఇనుప కంచె దగ్గరికి పరుగెత్తాను. అత్తయ్య ఓడ మెట్ల మీద సగంలో ఉంది. పైన టికెట్లు చూసే అతను పీట ఏమిటని అడిగినట్టున్నాడు. ఆవిడ చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది, అతను పక్కకి తప్పుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. గార్డు మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు గనక ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఓడ కదిలాక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. అత్తయ్య ఎక్కిందా అని అడిగాడు మావయ్య. ఎక్కిందన్నాను. "నువ్వెక్కడ మాట్లాడుతున్నావు?" అన్నాడు. చెప్పాను. "అయితే దాని పక్కన ఎవరున్నార్రా?" అన్నాడు. ఇల్లు చేరాక నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూర్చుని కలపకుండా లేచిపోయేవాడు. నేను తుఫాను వార్తల కోసం రేడియో చెవికి కట్టుకుని తిరిగాను. పంటు బాబాయి మాత్రం, "నేననుకున్న ఓడ ఇది కాదన్నమాట," అని తన తప్పు తను ఒప్పుకున్నాడు.

ఐదో రోజు ఫోనొచ్చింది. అత్తయ్య చేరిన మర్నాడే వదినకి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టిందట. ఇద్దరూ క్షేమం. మావయ్య రిసీవరు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ నాకందించాడు. "పిల్లకి ఇప్పుడే నీళ్ళు పోసొచ్చానురా," అంది అత్తయ్య. నన్ను తిట్టను కూడా లేదు.

నాలుగు నెలల తర్వాత ఆవిడ ఒక్కతే ఓడలో తిరిగొచ్చింది. మావయ్యా నేనూ రైల్లో వెళ్ళి దించుకున్నాం. వెళ్ళేటప్పటి కబుర్లన్నీ తిరుగు రైల్లో చెప్పింది. మొదటి రోజు అందరికీ వాంతులేనట. పక్క బెర్తుల్లో భాష తెలియని ఆడవాళ్ళందరికీ శొంఠి నూరి పెట్టిందట. రెండో రోజుకి సున్నుండల డబ్బా ఒకటి ఖాళీ అయిందట. తెల్లవారుజామున డెక్కు మీద నిలబడితే ఏ వైపూ ఒడ్డు కనబడలేదట, భయం వేస్తుందనుకుంటే వేయలేదట. నేను తల వంచుకుని, "నేను రావలసింది అత్తయ్యా, నా వల్లే," అని మొదలుపెట్టాను.

"నువ్వొచ్చుంటే మూడు రోజులూ నీ వెనకాలే కూర్చునేదాన్నిరా," అంది. కోపంగా కాదు, చాలా మామూలుగా. మావయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ తర్వాత అత్తయ్య ఇంకో మూడుసార్లు అండమాన్ వెళ్ళొచ్చింది, ప్రతిసారీ ఒక్కతే. నేను ఉద్యోగస్తుణ్ణయ్యాను, పెద్ద పెద్ద ఊళ్ళు తిరిగాను, ఎక్కడికెళ్ళినా ముందు పార్కింగ్ ఎక్కడో కనుక్కుని గానీ ఇల్లు కదలని మనిషినయ్యాను. (మా ఆవిడ దీన్ని పిరికితనం అంటుంది, నేను అనుభవం అంటాను.) చివరిసారి వెళ్ళేటప్పుడు అత్తయ్య నన్ను అడిగింది ఒక్కటే, బందరు బస్టాండు దాకా దింపమని. దింపాను. సామాను పట్టుకుని దిగబోతే, "నువ్వుండు, నేను చూసుకుంటాలే," అని సంచి అందుకుని వెళ్ళిపోయింది. నడక కాస్త నెమ్మదించింది, అంతే తేడా. పలకల కోసం అడిగిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడు వెంట వెళ్ళకపోవడమే వాడు ఆవిడకి చేసిన సాయం. ఆవిడెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.