అద్దం పక్కన డబ్బా

గడ్డం అంత నున్నగా గీసుకునే మనిషికి, ఆ వాడేసిన బ్లేడు ఎక్కడ పడేయాలో ఎందుకు పట్టదు? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

మా పక్కింటి దర్జీ అక్కయ్య తమ్ముడి ఇంట్లో ఉంటూ, వీధి గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. స్నానాలగది కడిగేదీ ఆవిడే. తూము జాలీకి పట్టిన సబ్బు జిగట, తడి వెంట్రుకల ఉండ చేత్తోనే తీసేది. ఒకసారి ఆ ఉండలోంచే బ్లేడు చూపుడువేలు కోసేసింది. చాలా రోజులు సూది పట్టలేకపోయింది.

వేలు మానాక, ఖాళీ పౌడరు డబ్బా మూతకి సన్నటి గాటు పెట్టి అద్దం పక్కన ఉంచింది.

"ఒరేయ్, పాత బ్లేడ్లు ఇందులో వెయ్యి. నిండాక టేపు చుట్టి పారేద్దాం. ఈ వేళ్లే నాకు కూడు పెట్టేవి."

"బ్లేడుకి కూడా ఇల్లు కట్టావా అక్కా!" అని నవ్వాడు తమ్ముడు.

కొన్నాళ్లకి మూత తెరిస్తే గుప్పుమని కంపు కొట్టింది. సిగరెట్టు పీకలు, వాటి మీద పచ్చటి కఫం. బ్లేడ్లు మాత్రం ఎప్పటిలాగే తూములో, వెంట్రుకల మధ్య తుప్పుపట్టి ఉన్నాయి.

"ఏంట్రా ఇది?"

"పీకలు పడెయ్యడానికి చోటుండాలి కదా! అయినా కడిగేది నువ్వేగా, చూసుకుని తీస్తావులే."

ఆవిడ ఆ డబ్బా తీసుకెళ్లి చెత్తలో పడేసింది. పట్టకారుతో బ్లేడ్లు ఏరి, వేరే డబ్బాలో వేసి, టేపు చుట్టి, పైన 'బ్లేడ్లు, జాగ్రత్త' అని రాసింది. సాయంత్రం వెళ్లి బజారులో ఒక కొట్టు వెనక గది మాట్లాడుకుంది.

మర్నాడు తమ్ముడు ఈల వేస్తూ గడ్డం గీసుకుంటుండగానే, మిషను బండి మీదకి ఎక్కించి, వస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది.