మామ ఛాతిల చప్పుడు

మొన్న బేస్తారం పొద్దుగాల మా మేనమామ పోయిండు. గోదావరిఖనిల కబురు తెలిసినోళ్లందరిదీ ఒకటే మాట: "కన్ను ఆపరేషన్ గదా అయింది, దానికి పాణమెట్ల పోతది?" ఎట్ల పోయిందో చెప్పాలెననే గిది రాస్తున్న.

మామ బొగ్గుబాయిల సర్దార్. షిఫ్టు మొదలుగాకముందే లోపలికి పోయి, పైకప్పును కర్రతోని కొట్టి, చెవొగ్గి వినుడు ఆయన పని. "ఖంగుమంటే పో అల్లుడా, డొల్లగ వినబడితే ఎనక్కి తిరుగు" అనేటోడు. రిటైరైనంక గూడ ఆ అలవాటు పోలే. సంతల గుమ్మడికాయను కొట్టేటోడు. ఓసారి మా ఇంటి కొత్త గోడను కొట్టి చూసి మేస్త్రితోని లొల్లి పెట్టుకున్నడు. ఆగి వినుడు నాకు అబ్బిందంటే ఆయన పుణ్యమే.

ఏండ్ల కింద ఆయన గుండెల లోహపు కవాటం ఏసిండ్రు. అప్పటిసంది పక్కన కూసుంటే ఛాతిలకెల్లి టిక్కు టిక్కుమని వినొచ్చేది. "గడియారంతోని కాపురం జేస్తున్న" అని అత్త నవ్వేది. ఆ కవాటం మీద రక్తం గడ్డ కట్టకుండ రోజూ ఒక గోళీ ఏసుకోవాలె, బతికున్నన్ని దినాలు.

కంట్ల పొరొస్తే నేనే దవాఖానకు తోల్కపోయిన. కంటి డాక్టరమ్మ మందుల చీటి చూసి, "ఈ గోళీ బంద్ పెట్టకు పెద్దాయనా. మత్తు సూది లేకుండ కంట్ల చుక్కలేసే ఆపరేషన్ జేస్తం. రక్తం పరీక్ష చేయించుకో, గుండె డాక్టర్నొకసారి అడుగు" అన్నది. మామ బుద్ధిగ తలూపిండు. గుండె డాక్టర్ గూడ అదే మాట అన్నడు. పరీక్ష మంచిగొచ్చింది. ఆ తెల్లారే మామ గోళీ బంద్ పెట్టిండు. మాకెవ్వలికీ చెప్పలే.

ఆపరేషన్ మంచిగైంది. పట్టీ తీసినంక నా దిక్కు చూసి, "గిన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయిరా నీకు?" అన్నడు. అందరం నవ్వినం.

నాలుగోనాడు మామోళ్లింట్ల కూసుంటే ఎందుకో చాన నిమ్మళమనిపించింది. కన్ను నయమైంది, అందుకే అనుకున్న. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఐదోనాడు మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. మేం ఇద్దరమే ఉన్నం. ఆ ఇంట్ల ఎన్నడూ లేనిదేదో అయింది. ఏందో నాకు సమజ్ గాలే. అప్పుడు మామ తలొంచి, చెవొగ్గి, రెండు వేళ్లతోని తన ఛాతి మీద తానే కొట్టుకున్నడు. ఆగిండు. మళ్ల కొట్టుకున్నడు.

"డొల్లగుంది అల్లుడా" అన్నడు.

ఛాతికి చెవి ఆనిచ్చిన. టిక్కు లేదు. దుప్పట్లు కప్పిన తలుపును లోపల్నుంచి ఎవరో తడుతున్నట్టున్నది.

"గోళీ ఏసుకుంటున్నవా?"

"బాయిల బొగ్గుకు బాంబు పేల్చేముందు అన్నీ బంద్ జేస్తం గదరా. పొగ పోయేదాక ఎవ్వన్నీ లోపలికి పోనియ్యం. కన్ను మానేదాక ఆపిన, గంతే."

జల్దిజల్ది బండి మాట్లాడి పెద్ద దవాఖానకు ఉరికినం. కవాటానికి గడ్డ కట్టిందన్నరు. డాక్టర్లు రెండు దినాలు కొట్లాడిండ్రు, దక్కలే. ఆయన మీద నాకింక కోపం పోలే. ఒక్కమాట అడిగితే ఏం పోయేది మామా?

ఇంటికి తెచ్చి పండవెట్టినంక ఓ పెద్దమనిషి కండ్లు మూసిండు. పాత కన్ను మూసుకున్నది. ఆపరేషనైన కన్ను మూతపడలే. రెండుసార్లు చెయ్యి ఆనిచ్చిండు, మళ్ల తెరుసుకున్నది. రెప్ప మీద పెట్టి మూయనీకి ఆ పెద్దమనిషి తడి దూది అడిగితే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యుండ్రి. అది చూడవట్టి వారమే అయింది."